డా, పక్కనొక చుక్క

నిన్న ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చింది. మా బావ పదవీ విరమణ సభకు ఆహ్వానపత్రం. ఆయన పేరు ముందు కాలేజీవాళ్లు 'డా.' అని వేయించారు. కొట్టేద్దామని ఎర్ర పెన్ను తీసి, అలాగే కూర్చుండిపోయాను. ఆ అక్షరాన్నీ దాని పక్క చుక్కనూ ఆయన పేరుకు మొదట తగిలించింది నేనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పలాస నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. మా అక్క భర్త అయిన ఈ బావ టెక్కలిలో తెలుగు లెక్చరర్. భావనపాడు ఒడ్డున జాలర్లు వల లాగుతూ పాడే పాటలను ఏళ్ల తరబడి పోగుచేసి పిహెచ్‌.డి. తెచ్చుకున్నాడు. వార్త రాస్తానంటే మురిసిపోయాడు గానీ ఒక షరతు పెట్టాడు. "పేరు ముందర డాట్రని ఎయ్యకు బావా. ఎనకాల పిహెచ్‌.డి. అని ఎయ్యి, సాలు. మనకాడ డాట్రంటే సూదిమందే." సరేనన్నాను. తీరా శీర్షిక పెట్టేసరికి పిహెచ్‌.డి. పేపరులో ఒక కాలమ్ వెడల్పులో ఇమడలేదు. 'డా.' ఇమిడింది, దర్జాగానూ కనిపించింది.

వార్త అచ్చయిన తర్వాతి సోమవారం పనిమీద టెక్కలి వెళ్లి, బావతో పాటు మధ్యాహ్నం ఇంటికి చేరాను. వీధి అరుగు మీద జాలరి దంపతులు పొద్దుటి నుంచీ కూర్చుని ఉన్నారు. ఆమె చేతిలో నా వార్త కత్తిరింపు, చేపల వాసనతో.

"సీకాకుళం ఆసుపత్రికని బయల్దేరినాం బాబూ. మా మాట తెలిసిన డాట్రు ఇక్కడే ఉన్నాడని ఎవులో సదివి సెప్తే, దిగిపోనాం."

తాను రోగాలకు డాక్టరును కాననీ, పాటల మీద చదివినందుకు ఇచ్చిన పేరది అనీ బావ నెమ్మదిగా చెప్పాడు. అంతవరకు మాట్లాడని భర్త తలెత్తి, "మా పాటలకేటి రోగవొచ్చింది బాబూ?" అన్నాడు.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వంగి, అతని పాదం మీద వేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. కిడ్నీ జబ్బుతో ఊళ్లకు ఊళ్లు మంచానపడ్డ మా ఉద్దానం ప్రాంతంలో ఆ వాపుకు అందరూ భయపడేవారు.

రాసింది నేనేనని ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. బావ ఒకసారి నావైపు చూశాడు. నేను కత్తిరింపు వైపు చూశాను. "తప్పు మాదేనమ్మా" అన్నాడాయన, మా అని కలుపుకుని. ఇక ఆసుపత్రిలో ఆ పూటకు చూడరు. అక్క వాళ్లకు అన్నం పెట్టింది. మర్నాడు తప్పకుండా వెళ్లమని మరీమరీ చెప్పి బావ బస్టాండు దాకా నడిచాడు. ఏ ఊరని గానీ, పేరేమని గానీ అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. ఊళ్ల పేర్లు అడగడమే నా ఉద్యోగం.

ఆ సాయంత్రం మూడు వాక్యాల సవరణ రాశాను. తప్పులు రాసేవాడన్న పేరు వస్తుందని పంపలేదు. బావ కూడా దాని గురించి అడగలేదు. తర్వాత ఏ కాగితం మీదా ఆయన పేరు ముందు ఆ అక్షరం పెట్టుకోలేదు.

ప్రూఫు ఇంకా బల్లమీదే ఉంది. ఇన్నేళ్లలో ఎన్నో పేర్ల ముందు ఎన్నో సరిదిద్దాను. ఆ మర్నాడు వాళ్లిద్దరూ శ్రీకాకుళం బస్సెక్కారో లేదో ఈనాటికీ నాకు తెలియదు.