శ్రావణంలో ఆరేసిన వలలు

మొన్న రాజమహేంద్రవరంలో ప్లీడర్లందరూ కలిసి, కాలం చేసిన మా గురువుగారి పటానికి దండ వేసి సభ జరిపారు. ఆయన మొహమైనా ఎరగని కుర్ర ప్లీడరొకాయన లేచి, వారు తిమ్మిని బమ్మిని చేయగల మహా దిట్ట, వారు నేర్పిన సాక్షి బోనులో నోరు జారి ఎరగడు అని అరగంటసేపు పొగుడుతుంటే, ముందు వరసలో పెద్దలంతా చప్పట్లు కొట్టారు. ఛీ! బతికుండగా ఆయన ఏ పనిని చూసి అసహ్యించుకున్నారో, పోయాక అదే పనిని ఆయనకు బిరుదుగా తగిలించారు. నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకైనా అసలు సంగతి చెప్పుకోకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు.

నేను పెద్దాపురం వైపు మెట్టలో పుట్టి పెరిగినవాణ్ణి. ప్లీడరీ పరీక్ష ప్యాసై ఆయన దగ్గర చేరేనాటికి, గోదావరిని గట్టు మీంచి చూసి దణ్ణం పెట్టుకోవడమే గాని పడవెక్కిన పాపాన పోలేదు. ఆయన పద్ధతి వేరు. దావా కాగితం రాయకముందే తగువులో ఉన్న నేలను తన కాళ్ళతో తొక్కి చూసి రావలసిందే. సాయంత్రం ఇంటికి రాగానే కోటు విప్పేసి, ఆడపిల్లలిద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించేవారు. ఆడపిల్లలకు చదువేమిటని ఊళ్ళో నలుగురూ నవ్వినా లక్ష్యపెట్టేవారు కాదు. నాకూ ఆ ఇంట్లోనే భోజనం, ఆ అరుగు మీదే పడక.

ఆ రోజుల్లో గోదావరి నడుమ ఒక లంక మీద కొన్ని జాలరి కుటుంబాలు తాతలనాటి నుంచి వలలు ఆరేసుకునేవి. ఒక ఆసామి ఆ లంక నాదంటూ మనుషుల్ని పంపి, వాళ్ళను కొట్టించి, వలలు కోయించి తరిమేశాడు. ఆరేసుకునే చోటు లేకపోతే వల కుళ్ళుతుంది, వల కుళ్ళితే ఆ ఇళ్ళలో పొయ్యిలోంచి పిల్లి లేవదు. గురువుగారు వాళ్ళ తరఫున దావా పట్టి, లంక చూడడానికి పడవలో వెళుతూ నన్నూ రమ్మంటే, పడవంటే భయమని చెప్పుకోలేక, జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

దెబ్బలు తిన్న ముసలి జాలరే ముఖ్యసాక్షి. కొట్టింది ఏ నెలలోనో అతనికి జ్ఞాపకం లేదు. గురువుగారైతే జ్ఞాపకం లేదనే చెప్పమనేవారు. నేనో, తక్కిన ప్లీడర్లు సాక్షులకు పాఠాలు చెప్పడం చూసి ముచ్చటపడి ఉన్నవాణ్ణి. ఆయనకు తెలియకుండా ముసలాణ్ణి కోర్టు వసారాలో ఒక మూలకు పిలిచి, జంధ్యాల పున్నమైతే అందరికీ గుర్తుండే రోజు గదా అని నా తెలివికి నేనే మురిసిపోతూ, శ్రావణ పున్నమినాడు లంక మీద వలలు ఆరేసుకుంటుండగా కొట్టారని చెప్పమని నాలుగుసార్లు వల్లె వేయించాను. అతను నా మొహంకేసి అదోలా చూసి, సరేనండి బాబూ అన్నాడు.

బోనెక్కి, నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పాడు. అవతలి వకీలు తీరిగ్గా లేచి, ఆ శ్రావణంలో గోదారి ఎంత ఎత్తు వచ్చిందోయ్ అని అడిగాడు. కోర్టంతా గొల్లుమంది. శ్రావణంలో ఆ లంక మీద రెండు నిలువుల ఎర్రనీళ్ళుంటాయని ఆ హాలులో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ముసలాడికి తెలియదా? మరెందుకు చెప్పావయ్యా అని తరువాతెప్పుడో అడిగితే, “తవరు సదువుకున్నోరండి. తవరు సెప్పింది కాదంటాకి నేనెంతోణ్ణండి?” అన్నాడు. జడ్జీ దొర కళ్ళెర్రజేసి, ఎవరు నేర్పారో చెప్పకపోతే అబద్ధపు సాక్ష్యానికి జైలుకు పంపుతానన్నాడు. ముసలాడు తల వంచుకున్నాడే గాని నా వంక చూడనైనా లేదు. నేనూ నోరు విప్పలేదు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

గురువుగారు ఒక్కసారి నా మొహం చూశారు. లేచి నిలబడి, ఈ అబద్ధం నా కచేరీలో పుట్టింది, శిక్ష నాకు వేయండి, ఇతన్ని వదిలేయండి అన్నారు. ముసలాణ్ణి వదిలేశారు. నిండు కోర్టులో దొరచేత చీవాట్లు తిన్నది మాత్రం ఆయన. దావా పోయింది, లంకా పోయింది. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, “ఆ వేళ జ్వరం కాదు గదూ? భయమని చెబితే చెయ్యి పట్టుకుని ఎక్కించేవాణ్ణి గదరా,” అన్నారు.

మర్నాడే ఏటి ఒడ్డునున్న తన పెరడంతా ఆ జాలర్ల వలలకు వదిలేశారు. బంధువులు ముక్కులు మూసుకుని, చేపల కంపు కొట్టే కొంపలో మెతుకు ముట్టమని ఒట్లు పెట్టుకున్నారు. అమ్మగారు, అంటే గురువుగారి భార్య, “కంపేస్తే సాంబ్రాణి వేసుకుందాం లెండి. ఆ చుట్టాలు రాకపోతే నాకు వంట తగ్గుద్ది,” అని నవ్వేసేవారు. ఆయన పోయేదాకా ఆ పెరట్లో వలలు ఆరాయి. పదోరోజు కాకుండానే అదే బంధువులు వచ్చి కంచె కట్టించారు. వాళ్ళలో మిగిలినవాళ్ళే మొన్న సభలో కళ్ళొత్తుకున్నారు. తూ!

ఇప్పుడు గోదావరికి వంతెన పడింది, పడవంటే భయపడేవాడికి బెంగ లేదు. సాక్షికి పాఠం చెప్పడం తప్పనేవాడూ లేడు, చెప్పలేనివాడే చేతగానివాడు. అందరినీ తిట్టి నా సంగతి దాచుకుంటే ఎలా? నాకిప్పుడు నలుగురు జూనియర్లు. ఈ ఉదయం మా పెద్ద జూనియరు వసారా చివర ఒక బక్కరైతును కూర్చోబెట్టి ఏదో వల్లె వేయిస్తున్నాడు. రైతు బిక్కమొహం వేసుకుని తలాడిస్తున్నాడు. వెళ్ళి ఆపవలసినవాణ్ణి నేను. దూరంనుంచే గట్టిగా దగ్గి, వాళ్ళు సర్దుకునేదాకా ఆగి, అప్పుడు లోపలికి వెళ్ళాను.