నాలుగు చుక్కల చీర

ఊళ్లో నాటకం కడుతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా చాకలి రాజవ్వ. మొన్న పెట్టె అడుగునున్న ఆకుపచ్చ నారాయణపేట చీర విప్పితే, సౌడు మట్టి కలిపిన నీళ్లలో ఉడికిన బట్ట వాసన గుప్పుమన్నట్టయి, అన్నిటికంటే ముందు ఆమె గొంతే వినబడింది. నిజానికి ఆ వాసన ఎప్పుడో పోయి ఉంటుంది. కొంగు మూలన జీడిగింజ రసంతో ఆమె పెట్టిన నాలుగు చుక్కలు మాత్రం పోలేదు. చాకలి పెట్టిన జీడి గుర్తు బట్ట చిరిగేదాకా పోదు.

నా పుట్టిల్లు రామారెడ్డి అనే ఊరు. బడి గడప ఎరగను. మా బాపు రామకథ చదివిస్తూ, ఇంట్లోనే నాకు అక్షరాలు నేర్పాడు. ఎల్లారెడ్డిలో మా అత్తగారిది భూములున్న పటేల్ ఇల్లు. ఆ ఇంటి ఆడవాళ్లు గడప దాటితే పరదా కట్టిన కచ్చురం బండిలోనే దాటాలి. నాటకాలు ఊరందరికీ, మాకు తప్ప. అందుకని నేను చూసిన మొదటి నాటకం మా పెరటి బావిగట్టు మీదే ఆడింది. మగ్గాల వాడ సాయిలు ఇంటి ముందు సాధన చేస్తుంటే చూసివచ్చి, మాసిన బట్టలు మూట కడుతూ రాజవ్వ ఒక్కతే రాజూ రాణీ భటుడూ అయ్యేది. కథ సాయిలు సొంతంగా అల్లింది. కరువుకాలంలో రాజు మాట కాదని ధాన్యపు గాదె తలుపు తెరిచిన రాణి కథ. రాణి వేషమూ అతనిదే. మా ఊళ్లో ఆడి, తర్వాత కామారెడ్డిలో కూడా ఆడాలని వాళ్ల ఆలోచన.

"తర్వాత ఏమైంది రాజవ్వా?" అని నేను వెంటబడితే, మూట నెత్తికెత్తుకుని, "గది చెప్తే ఎట్ల చిన్నదొరసానీ? సూస్తెనే తెలుస్తది. నీ కండ్లు ఎవలికన్న అరువిచ్చినవా ఏంది?" అని వెళ్లిపోయేది. ఆ మాట రోజంతా నాకు ముల్లులా గుచ్చుకునేది.

యుద్ధం రోజులు. దీపాలకు గ్యాసునూనె దొరక్క, ఆట పట్టపగలే పెట్టుకున్నారు. దేవుని మంగళారతితో మొదలయ్యే ఆట కదా అని అత్తగారు మెత్తబడ్డారు. కచ్చురం తీసుకుపోయి పందిరి పక్కన నిలిపారు. అత్తగారూ నేనూ పరదా చీలికకు చెరో కన్ను ఆనించాం. రాణి వచ్చింది. ముందు నాకు కనిపించింది రాణి కాదు, చీర. నాలుగు రోజుల కింద ఉతకడానికి వేసిన నా ఆకుపచ్చ పెండ్లి చీర.

"ఓ పిల్లా! గది నీ చీర కాదు?" అన్నారు అత్తగారు, నా చెయ్యి గిల్లి. నేను తట్టలో కోడిపిల్లలా పరదా వెనక ముడుచుకుని ఉన్నాను. నా చీర ఊరందరి ముందు నిటారుగా నిలబడి, "గాదె తాళం రాజుది. గింజ దున్నినోనిది" అంటోంది. సిగ్గుపడవలసిన చోట నాకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది పాపమైతే ఆ పాపానికి నేనెన్నడూ క్షమాపణ అడగలేదు.

మర్నాడు మామగారు రాజవ్వను వాకిట్లో నిలబెట్టారు. నేను తలుపు చాటున ఉన్నాను. ఆమె గుడిసె మా జాగాలో ఉంది. ఒక్క మాటతో అది లేకుండా పోతుంది. చీర నేనే ఇచ్చానని అబద్ధం చెప్పేద్దామని, రాముణ్ణి తలుచుకుని, "మామా, ఆ చీర నేనే..." అన్నాను.

రాజవ్వ నా మాట పూర్తికానివ్వలేదు. "చిన్నదొరసానికేం తెల్వది దొరా. దేవుని పేరు తీసి పొద్దు మొదలువెట్టే బిడ్డ. నా కోసం అబద్ధమాడుడెందుకు? నేనే ఇచ్చిన."

"దొంగతనం కాదానే ఇది?"

"ఎట్లయితది దొరా? మాసిన చీర మీది, మడతపెట్టిన చీర మీది. నడుమ నాలుగు దినాలు గది నా చేతుల ఉంటది. అండ్ల ఒక్క పూట రాణి కట్టుకున్నది. సాయిలు పెండ్లాం చీర కడితే సాధనకాన్నే జనం నవ్విన్రు, రాణా, కలుపు తీసేటామెనా అని. చినిగిన చీరతోని గాదె తలుపు తీస్తే ఎవడు నమ్ముతడు?"

"కట్టుకున్నది రాణి కాదే, సాలె సాయిలు!"

"గట్లనా? ఊరంత రాణే అనుకున్నది. మీకొక్కలకే సాయిలు కనవడ్డడు."

గోడవతల ఎవరో కిసుక్కున నవ్వారు. మామగారి ముఖం కందగడ్డయింది. "ఇయ్యాల్టి సంది నా గడప తొక్కకు. కామారెడ్డిల ఆట ఆడతమని ఎవడన్న ఊరు దాటిన్రో, మొదలు నీ గుడిసె పీకిస్త."

"మంచిది దొరా. మీ మైల మీ దగ్గర్నే ఉండనియ్యండ్రి" అని, మా మూట మా వాకిట్లోనే దించి వెళ్లిపోయింది. ఆమె భయపడలేదని చెప్పను. వెనక్కి మాత్రం తిరగలేదు.

మామగారు మరిచిన సంగతి ఒకటుంది. చాకళ్లకు ఎవరి ఇండ్లు వారివి. ఒకరి ఇంటి బట్ట ఇంకొకరు ముట్టరు. పక్క ఊరినుంచి పిలిపించిన మనిషి మూట వంక కూడా చూడకుండా, "ఇది రాజవ్వ ఇల్లు దొరా. ముడితే నన్ను కులంలకెళ్లి ఎళ్లగొడ్తరు" అని చేతులు జోడించి జారుకున్నాడు. సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డ మా ఇంట్లో ప్రసవించింది. చాకలి చేతి బట్ట రానిదే పురుడు తేలదు, మైల పోదు, దేవుడింట్లో దీపం పెట్టకూడదు. నేను బావి దగ్గర చేతులు బొబ్బలెక్కేలా ఉతికాను. తెల్లగానే వచ్చాయి. కానీ కోడలు ఉతికితే పురుడు తేలుతుందా? ఇరవై ఒకటో రోజు కూడా దాటింది. దండెం మీద చాకలి మడత పంచె లేక మామగారు తువ్వాలు చుట్టుకుని ఊరి తగవుల కచేరీ చేస్తున్నారు. చీకటి దేవుడింటి ముందు నిలబడి నిలబడి, ఒక పొద్దున అత్తగారు నాతో అన్నారు: "పోయి దాన్ని పిలుచుకరా పిల్లా. నువ్వే పో." ఆ ఇంటి గడప నేను నా కాళ్లతో దాటింది అదే మొదలు.

రాజవ్వ తన గుడిసె ముందు కూర్చుని బట్టలకు జీడి గుర్తులు పెడుతోంది. లేవలేదు. ఈతచాప ఇటు జరిపింది. కూర్చున్నాను.

"వస్త. నా గుడిసె జోలికి రావొద్దు. కామారెడ్డిల ఆట ఆడాలె, గదే చీరతోని ఆడాలె. ఇంకోటి. నువ్వు కచ్చురంల కాదు, నా పక్కపొంటి కూసోని సూడాలె."

"అత్తమ్మ ఒప్పుకోదు రాజవ్వా."

"అయితే దీపం పెట్టకుండ్రి."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మామగారు పైకప్పు వంక చూశారు. అత్తగారు మాత్రం, "పో. రెండు కండ్లతోని సూడు. వచ్చినంక నాకు చెప్పు" అన్నారు. ఆ మాటకు ఆమెకు ఇప్పటికీ దండం పెడతాను. రాజవ్వ వచ్చి మూట ఎత్తుకుంది, దేవుడింట్లో దీపం వెలిగింది.

కామారెడ్డిలో స్టేషన్ దాపున బియ్యం మిల్లు ఆవరణలో ఆట. గోనెసంచుల మీద, ఆడవాళ్ల మధ్య, తలమీద కొంగు ఉందో లేదో కూడా చూసుకోకుండా కూర్చున్నాను. "పటేలోళ్ల కోడలట, చాకలామె పక్కపొంటి!" అని వెనక నుంచి ఒకామె గుసగుసలాడింది. రాజవ్వ తిరిగి, "అవును, నా పక్కపొంటే. నీకు జాగ సరిపోతలేదా?" అంది. రాణి గాదె తలుపు మీద చెయ్యి వేసేసరికి రైలు కూత పెట్టింది. సాయిలు ఆగాడు. రైలు వెళ్లిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. తలుపు తెరుచుకున్నప్పుడు నేను రాజవ్వ చెయ్యి పట్టుకుని ఉన్నానని నాకే తెలియదు. సౌడుకు పగిలి, గరుకుగా ఉంది.

"తర్వాత ఏమైందో తెలిసిందా బిడ్డా?" అంది. చిన్నదొరసాని అనలేదు.

ఆ చీర ఉతికి తెచ్చిననాడు కొంగు మూల విప్పి చూపింది. "మీ ఇంటికి మూడు సుక్కలు. ఈ నాలుగోది నీది." అక్షరం రాని మనిషి నన్ను ఆ ఇంటినుంచి విడదీసి రాసిన పేరు అది. బాపు నేర్పిన అక్షరాలతో నేనెన్నడూ అంత సొంతంగా నా పేరు రాసుకోలేదు.

ఆమె చేసింది తప్పేనని మా వాళ్లలో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రేపు దేవుడు ఎదురుగా నిలబెట్టి అడిగినా ఒప్పుకోను. ఆ నాలుగో చుక్క పడ్డాక నేను ఏ ఆటనూ పరదా చాటునుంచి చూడలేదు, ఏ మాటనూ తలుపు చాటునుంచి చెప్పలేదు. రాజవ్వ పోయి చాలా ఏళ్లయింది. పొద్దున దీపం పెట్టి, దేవుని పేరు తర్వాత ఆమె పేరు తలుస్తాను. మీరు ఆమెను చూడలేదు. అయినా ఒక్కటి అడుగుతాను. ఎక్కడైనా నాటకంలో రాణి వచ్చి నిలబడితే, ఆ చీర ఉతికిందెవరని పక్కవాళ్లను అడగండి. వాళ్లకు తెలియకపోతే, రాజవ్వ అని మీరు చెప్పండి.