నాగేశ్వరయ్య ఇంటి వైరింగు

చిలమత్తూరులో కరెంటు పని చేసే ఆడమనిషి ఫరీన్ ఒక్కతే. ఆమెకు ఇరవయ్యేళ్లప్పుడు, అదే పని చేసే నాయన హుస్సేన్ బాషా నిచ్చెన మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, సగంలో ఆగిన నాగేశ్వరయ్య ఇంటి వైరింగును తనే పూర్తి చేసింది. ఆడపిల్ల చేసిన పని ఎన్నాళ్లుంటుందో చూద్దాం అని మూతి విరిచినవాళ్లు చాలామందే. పదహారేళ్లయింది, ఆ ఇంటి వైరింగుకు ఏ రోగమూ రాలేదు. అలాంటిది ఇప్పుడు గోడలు పగలగొట్టి దాన్ని పీకేస్తామంటే ఒళ్లు మండదా మరి?

సంగతేమిటంటే, కిరాణా వ్యాపారి నాగేశ్వరయ్య రెండు నెలల కిందట ముచ్చటపడి ఇంటినిండా స్మార్ట్ స్విచ్చులు పెట్టించాడు. ఫోన్లో నొక్కితే లైట్లు వెలగాలి. బుద్ధి పుడితే వెలుగుతున్నాయి, లేకపోతే మిణుకుమిణుకుమని ఆరిపోతున్నాయి. బిగించడానికి బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు వైఫై మార్చారు, స్విచ్చులు మార్చారు, ఆఖరికి పాత వైరింగే బాగాలేదని తేల్చేశారు. మర్నాడు మేస్త్రీ సమ్మెట తెస్తాడని తెలిసి, ఫరీన్ సంచీ భుజాన వేసుకుని నేరుగా ఆ ఇంటికి వెళ్లింది.

"ఈ ఒక్క దినం నాకియ్యన్నా. తప్పు నాదైతే గోడలు నేనే కొట్టిస్తా."

నాగేశ్వరయ్య మొహమాటంగా తల ఊపాడు. ఫరీన్ స్విచ్చుల జోలికి పోకుండా వంటింట్లో ఉన్న ఆయన భార్య సుమిత్రమ్మను అడిగింది.

"లైట్లు ఎప్పుడెప్పుడు పోతాండాయక్కా?"

"మంగళారం, శుక్రారం బాగానే ఉంటాయి. తక్కిన దినాల్లోనే ఈ పీడ. అమ్మవారి దయ అనుకుంటాండా."

"ఆ రెండు దినాలు ఏం చేస్తావు?"

"ఏముండాది, ఇల్లంతా కడిగి నీళ్లు పెరట్లోకి తోస్తా."

"లైట్లు పోయినప్పుడు ఫ్రిజ్జు ముట్టుకుంటే జుమ్మంటాందా?"

"అంటాది. అందుకే చెప్పులేసుకోని తీస్తాండా."

ఫరీన్ పెరట్లో ఎర్త్ కోసం పదహారేళ్ల కిందట తనే తవ్వించి, బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చిన గుంత దగ్గరికి వెళ్లింది. గురువారం కదా, మట్టి పొడిపొడిగా ఉంది. ఈ నేలలో తడి ఒక్కరోజు నిలవడమే గొప్ప. రెండు బిందెల నీళ్లు పోసి కాసేపు ఆగి సుమిత్రమ్మను ఫోను నొక్కమంది. హాల్లో లైట్లన్నీ నిక్షేపంగా వెలిగాయి.

మెయిన్ ఆపి స్విచ్చు బోర్డు విప్పింది. స్మార్ట్ స్విచ్చుకు కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు కూడా కావాలి. లైట్ల బోర్డుల్లోకి ఆ రోజుల్లో ఎవరూ న్యూట్రల్ లాగేవాళ్లు కాదు. కానీ ఎవరూ అడగకపోయినా ఫరీన్ ప్రతి బోర్డుకూ పచ్చటి ఎర్త్ వైరు లాగింది. ఆ బెంగళూరు మహానుభావులు న్యూట్రల్‌కు బదులు దాన్నే స్విచ్చులకు కట్టి చేతులు దులుపుకున్నారు.

"షాకు కొట్టకుండా ప్రాణం కాపాడే వైరన్నా ఇది. దీంట్లో కరెంటు పారిస్తాండారు. గుంత తడిగా ఉంటే నేలలోకి పోతాది, ఆరితే ఫ్రిజ్జు మీదికొస్తాది. అక్క ఒక్కనాడు చెప్పులు మర్చిపోయింటే?"

నాగేశ్వరయ్య ఫ్రిజ్జు ముందున్న భార్య చెప్పుల వైపు చూశాడు.

వైరింగు చేసినప్పుడు గోడల్లో లావుపాటి పైపులు వేసినందుకు నాయన దండగ అని కసిరాడు. ఇప్పుడు ఆ పైపుల్లోంచే కొత్త న్యూట్రల్ వైరు సులువుగా జారింది. గోడకు ఒక్క గంటు పడలేదు. తన పని తనకే ఎదురొచ్చి సాయం చేస్తుంటే ఫరీన్‌కు గుండె పొంగింది. సాయంత్రానికి పచ్చ వైర్లన్నీ స్విచ్చుల నుంచి విడివడి మళ్లీ ఉత్త ఎర్త్‌కే మిగిలాయి, నొక్కిన లైటు నొక్కినట్టు వెలిగింది. ఫరీన్ టెస్టరుతో చూశాక సుమిత్రమ్మ వట్టి కాళ్లతో ఫ్రిజ్జు తెరిచింది.

నాగేశ్వరయ్య మేస్త్రీకి ఫోను చేశాడు. "నరసింహప్పా, రేపు రావద్దప్పా. పాత వైరింగా? అది మా ఫరీన్ చేసింది. ఇంకో పదహారేళ్లున్నా దానికేం కాదు."

ఫరీన్ సంచీ సర్దుకోవడం ఆపి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ మాటే బెంగళూరోళ్లకు చెప్పన్నా. నేనీడ ఉండంగానే చెప్పు."