సేఠ్ ఇచ్చే తారీఖులు

లక్ష్మీరాజానికి కోపం రావడానికి ఫోన్ మోగితే చాలు. తన ఫోన్ కాదు, సేఠ్‌ది.

సూరత్ పక్కన సచిన్‌ అనే చోట ఉన్న ఆ సేఠ్ మగ్గాల కార్ఖానాకు ఆయన మాస్టర్. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఏ మగ్గం మీద నూలు చుట్టిన ఏ బీము ఎక్కాలో ఆయన చూసుకోవాలి. గుడ్డ ఏ తారీఖుకు ఇవ్వాలో మాత్రం సేఠ్ చెబుతాడు. వ్యాపారి అడిగిన ప్రతి తారీఖుకూ ఊఁ కొట్టేసి, దాన్ని సుద్దముక్కతో మగ్గం మీద రాయించేవాడు. ఆలస్యమైతే తిట్లు మాస్టర్‌కి.

లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయిన పనివాళ్లలో సగం మందే తిరిగొచ్చారు. అయినా ఆ దీపావళికి సేఠ్ ఏడుగురు వ్యాపారులకు ఒకటే తారీఖు ఇచ్చాడు. పైగా ఫోన్లో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల బీము ముందు ఎక్కించమనేవాడు. నడుస్తున్న బీము దించి, ఇంకోటి ఎక్కించి, వేల పోగులు అతికేసరికి ఒక పూట గంగలో కలిసేది.

మొన్ననే జ్వరం నుంచి లేచిన తమ ఊరి పనివాడు కనకయ్య, ఒకే మగ్గం మీద మూడోసారి పోగులు అతుకుతూ కూలబడ్డాడు. మాస్కు కిందికి లాగి ఊపిరి తీసుకున్నాడు.

"ఇగ నాతోని కాదు మామా. నిన్ననే గదా గీ బీము దించినం."

"నువ్వు రూంకు పో. జర పండుకో" అన్నాడు లక్ష్మీరాజం. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

నేరుగా సేఠ్ గదికి వెళ్లి హిందీలో చెప్పాడు. "ఇట్లా నడిపితే ఏడూ ఆలస్యమే. ఏడింట్లో పెద్ద సరుకొక్కటి పక్కన పెడితే మిగతా ఆరూ టైముకు పోతాయి. దానికి పండగ దాటిన పన్నెండో రోజని చెప్పండి."

"అది మన పెద్ద పార్టీ సరుకు."

"అందుకే సగం మగ్గాలు అదే మింగుతోంది."

"ఒక్కటి ఆలస్యమైనా నీకిక్కడ పని లేదు."

లక్ష్మీరాజం బయటికొచ్చి మగ్గాల మీది తారీఖులన్నీ అరచేత్తో తుడిచేశాడు. చిన్న సరుకులు ముందు, పెద్దది చివర. ఎక్కిన బీము అయిపోయేదాకా దించనివ్వలేదు. సీజన్‌లో ఇంకో మాస్టర్ దొరకడు గనక సేఠ్ పళ్లు నూరుతూ ఊరుకున్నాడు.

ఆరు సరుకులు టైముకు టెంపో ఎక్కాయి. ఏడోది పండగ దాటిన పన్నెండో రోజున వెళ్లింది. ఆ సాయంత్రమే సేఠ్ అందరి ముందూ, "పెద్ద పార్టీ దగ్గర మాట పోయింది. రేపటి నుంచి రావద్దు" అన్నాడు.

"పోయింది మీ మాట. నేను పన్నెండో రోజన్నాను, పన్నెండో రోజే ఇచ్చాను" అని లక్ష్మీరాజం టిఫిన్ డబ్బా తీసుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ఆ పెద్ద పార్టీయే, ఇంకో సరుకు కావాలట. సేఠ్ ఎప్పటిలాగే ఊఁ కొట్టబోయి ఆగి, ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎన్ని రోజులు?" అన్నాడు, లక్ష్మీరాజం ముఖం చూడకుండా.

"పంతొమ్మిది."

"పదిహేను అంటాను."

"అయితే మీరే నేయండి."

సేఠ్ ఫోన్ మీది అరచెయ్యి తీశాడు. వ్యాపారికి పంతొమ్మిది రోజులని చెప్పాడు.

లక్ష్మీరాజం డబ్బా కింద పెట్టాడు. కోపం మాత్రం దిగలేదు. ఆ ఒక్క మాట తనను అడగడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. దానికీ కనకయ్య కూలబడాల్సి వచ్చింది.