షోరూమ్ ముందు పడవ

మార్లిస్ టోర్విక్‌కు కోపం రావడం నార్‌బీ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. మిన్నెసోటా మనుషుల తీరే అంత. ఇంటి కప్పు ఎగిరిపోయినా "ఇవాళ కాస్త గాలిగా ఉంది కదూ" అంటారు తప్ప గొంతు పెంచరు. ఎవరైనా ఏదైనా ఇస్తే వద్దు వద్దంటూనే చివరికి తీసుకుంటారు. మొహమాటంలో మనల్ని మించినవాళ్లు లేరని విర్రవీగేవాళ్లు ఒక్కసారి ఆ ఊరు వెళ్లి రావాలి.

అంత నెమ్మదస్తురాలిని విసిగించి, వేధించి, వారాల తరబడి ఉడికించింది బండిలో వెలిగే ఓ పసుపు దీపం. పానా బొమ్మ దీపం. సర్వీసింగ్‌కు వేళయిందని కంప్యూటర్ పంపే తాఖీదు అది.

మార్లిస్ పాతికేళ్లుగా నార్‌బీ చుట్టుపక్కల పొలాల్లోని ఇళ్లకు టపా బట్వాడా చేస్తోంది. అక్కడి పల్లె దారుల్లో ఎవరి బండి వాళ్లే తెచ్చుకోవాలి. ఉత్తరాల డబ్బాలు రోడ్డుకు కుడిపక్కన ఉంటాయి గనుక స్టీరింగ్ కూడా కుడిపక్కనే ఉన్న బండి కావాలి. మనకు అన్ని బండ్లూ అంతే, ఆ దేశంలో అలాంటిది దొరకడం గగనం. మూడేళ్ల కిందట దాచుకున్నదంతా ఊడ్చి ఆవిడ అలాంటి బండి ఒకటి కొత్తది కొన్నది. ఇంజన్‌కు పొడిగించిన వారంటీ కూడా తీసుకున్నది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

టపా పని అంటే ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. పార్సెల్ ఉంటే ఇంజన్ ఆపి, తాళం వేసి, వాకిట్లోకి వెళ్లి రావాలి. ఇంజన్ నూనె ఎంత అరిగిందో లెక్క కట్టే కంప్యూటర్‌కు ఇదంతా ఏం తెలుసు? ఎవరో మతిలేని మనిషి రోజంతా బండి ఆపి స్టార్ట్ చేస్తోందనుకుంటుంది. పొరుగింటి టీచరమ్మ కారులో ఏడాదికి ఒకసారి వెలిగే దీపం మార్లిస్ బండిలో నెలన్నర తిరక్కుండానే వెలుగుతుంది. వెలిగిన దగ్గర్నుంచి ఇంజన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ 'టింగ్' మంటుంది. పార్సెళ్లు ఎక్కువున్న రోజు ఆ టింగు టింగులు వింటే చెవుల్లో సీసం పోసినట్టుంటుంది. పోనీ మనమే ఆర్పుకుందామా అంటే కుదరదు. ఆర్పే మిషను షోరూమ్ వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఆవిడ భర్త ఓరిన్ ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరైనవాడు. బతుకంతా తన బండి నూనె తనే మార్చుకున్నాడు. నూనె కొలిచే కడ్డీ పైకి లాగి, నూనెను వేళ్ల మధ్య రుద్ది, "ఇంకో నెల లాగుతుంది" అనేవాడు. ఇప్పుడు కళ్లు దెబ్బతిన్నాయి. చూపు నడిమధ్య మసక, అంచులే మిగిలాయి. డ్రైవింగ్ మాని తన ట్రక్కు అమ్మేశాడు. వచ్చే ఏడాదికి ఆ మిగిలింది కూడా ఉంటుందని చెప్పలేనన్నాడు డాక్టరు.

ఓరిన్ దానికి పెద్దగా చలించలేదు. ఒక్కటే అడిగాడు. "మే నెల దాకా గాలం బెండు కనపడుతుందా?"

"మే దాకా పరవాలేదు. నీళ్లు నిలకడగా ఉండి, ఎండ ముదరకముందైతే కనపడుతుంది," అన్నాడు డాక్టరు.

మే నెలలో చట్టప్రకారం చేపల వేట మొదలయ్యే శనివారం అక్కడివాళ్లకు పండగకు తక్కువేమీ కాదు. పాస్టరు గారు కూడా ఆ వారం ప్రసంగం కుదించుకుంటారు. ఓరిన్ పెళ్లికి ముందు నుంచీ ఆ రోజు తెల్లవారుజామున క్రూకెడ్ చెరువులో పడవ మీదే ఉంటున్నాడు. ఈసారి బెండు మునగడం తన కళ్లతో తను చూడాలి. చలికాలమంతా ఆ ముక్క తప్ప ఇంకేమీ కోరలేదు.

ఆ శనివారం ఇంకా నాలుగు రోజులుందనగా దీపం వెలిగింది.

"వెలిగిందా?" అన్నాడు ఓరిన్, ఆ సాయంత్రం ఓవెన్లో కాల్చిన కూర, హాట్‌డిష్, వడ్డించుకుంటూ. ఆవిడ మొహం సరిగ్గా కనపడకపోయినా గిన్నె పెట్టిన చప్పుడు విన్నాడు.

"వెలిగింది."

"వెలగనీ. దాని మీద టేపు ముక్క అంటించు."

"అంటిస్తే టింగుమనడం మానుతుందా? వెలిగాక ఐదు వందల మైళ్లలోపు షోరూమ్ వాళ్ల ముద్ర పడకపోతే వారంటీ పోతుందట. రోజుకు వంద మైళ్లు తిరుగుతాను. ఈ శనివారం దాటితే ఇంతే సంగతులు."

"నూనె నేను మారుస్తా. కళ్లు పోయాయి గానీ చేతులు పోలేదు."

"నువ్వు మార్చినట్టు కంప్యూటర్‌కు ఎట్లా తెలుస్తుంది?"

"నేను చెప్తా."

"నీ మాట అది వినదు ఓరిన్."

"సరిపోయింది. ఇన్నాళ్లూ నా మాట విననిది ఇంట్లో ఒక్కరే అనుకున్నా," అన్నాడు.

మార్లిస్ నవ్వింది గానీ లోపల కుతకుత ఉడికిపోతోంది. మామూలు రోజుల్లో బండి వదిలితే టపా ఆగిపోతుంది. ఆవిడ బదులు తిరిగే మనిషి వచ్చేది శనివారమే. అందుకని ఆవిడకు దొరికే శనివారాలను ఆ పానా బొమ్మే మింగేస్తోంది. పోయినసారి నూనె మార్చమంటే నూనెతో పాటు మూడు ఫిల్టర్లు మార్చి, చేయని తనిఖీ లేదన్నట్టు బిల్లు చేతిలో పెట్టారు. వారం పొడవునా దుమ్ములో తిరిగిన జీతం వాళ్ల గల్లాపెట్టెలో పడింది. అయినా "థాంక్యూ" చెప్పి వచ్చింది. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అనలేదు మన పెద్దలు.

షోరూమ్‌లో కౌంటర్ దగ్గర కూర్చునే కుర్రాడు ట్రెవర్. వాళ్లమ్మ చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది, మార్లిస్‌కు స్నేహితురాలు. ఆ పిల్లాడు పుట్టినప్పుడు వచ్చిన శుభాకాంక్షల కార్డులు వాళ్ల డబ్బాలో వేసింది మార్లిసే. ఇక వాడిని పట్టుకుని ఏమనగలదు?

"శనివారం పొద్దున్నే తలుపులు తీయగానే రండి మార్లిస్ గారూ. ఒక్క గంటలో పంపించేస్తా," అన్నాడు ఫోన్లో.

గంటేగా అనుకున్నారు మొగుడూ పెళ్లాలు. తెల్లారేసరికి ఉండలేకపోయినా ఎండ ముదరకముందు చెరువు చేరొచ్చు. పడవను బండి వెనక తగిలించుకుని, ఎరకు బతికున్న చేపపిల్లలను బకెట్లో వేసుకుని, ట్రెవర్‌కని రూబార్బ్ బార్లనే తీపి ముక్కలు కూడా చేసుకుని బయల్దేరారు. దోచుకునేవాడికి తీపి చేసుకుని వెళ్లడం ఆ ఊరివాళ్లకే చెల్లు.

పడవను షోరూమ్ ఆవరణలో ఒక వారన విప్పి పెట్టారు. ఓరిన్ అందులోకి ఎక్కి తన సీట్లో కూర్చున్నాడు.

"లోపలికి రా. కుర్చీలున్నాయి, కాఫీ ఉంది."

"ఇక్కడా కుర్చీ ఉంది. ఫ్లాస్కులో కాఫీ ఉంది. గంటే కదా," అన్నాడు.

లోపల ట్రెవర్ బార్లు అందుకుని మురిసిపోయాడు. కాసేపటికి పలక లాంటి కంప్యూటర్ పట్టుకుని వచ్చాడు. "నూనె అయిపోయింది మార్లిస్ గారూ. బ్రేక్ ద్రవం కూడా మార్చమంటోంది. మార్చమంటారా?"

మార్లిస్ కిటికీలోంచి పడవ వైపు చూసింది. వద్దని చెబుదామనే నోరు తెరిచింది. "నీకెట్లా తోస్తే అట్లా చెయ్యి నాయనా," అంది ఆ నోరు.

ఇంకాసేపటికి మళ్లీ వచ్చాడు. ఈసారి ఎయిర్ ఫిల్టర్. పోయినసారి మార్చిందే కదా అంటే, "మీరు మట్టి రోడ్ల మీద తిరుగుతారు కదండీ, కంప్యూటర్ పసిగట్టేసింది," అన్నాడు. ఆవిడ మట్టి రోడ్ల మీద తిరుగుతుందని పసిగట్టడానికి కంప్యూటర్ కావాలా! ఆ సంగతి బండి అమ్మిన రోజే వాళ్లకు తెలుసు. మార్లిస్ మాత్రం "అట్లాగే కానీ" అంది.

బయట హైవే మీద పడవలు తగిలించుకున్న బండ్లు ఒకదాని వెనక ఒకటి చెరువు వైపు పోతున్నాయి. ఎవరో తెలిసినవాడు కారు ఆపి అద్దం దించాడు.

"ఏమన్నా పడుతున్నాయా ఓరిన్?"

"ఇంకా లేదు. ఇక్కడ నీళ్లు కాస్త తక్కువగా ఉన్నాయి."

అతను నవ్వి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకొకడు, మరొకడు. అందరికీ అదే జవాబు చెప్పాడు ఓరిన్. నాలుగోవాడికి మాత్రం చెయ్యి ఊపి ఊరుకున్నాడు.

మూడోసారి ట్రెవర్ వచ్చినప్పుడు మార్లిస్ లేచి నిలబడింది. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

"కంపెనీ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందండీ. ఉచితమే. ఎక్కించేస్తే దీపం పదే పదే వెలగడం తగ్గుతుందట. ఎక్కువసేపు పట్టదు."

"మా ఆయన బయట..."

"చూశానండీ. పడవ బాగుంది."

ఆవిడ నోటికి ఏం జబ్బో గానీ, మళ్లీ "సరేలే" అనే పలికింది. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత కంప్యూటర్లను చూసే పుట్టి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ముప్పాతిక వంతు ఎక్కి ఆగిపోయింది. మధ్యలో తీసేస్తే బండి కదలనే కదలదట. ట్రెవర్ ఎవరికో ఫోన్ చేశాడు. వాళ్లు ఇంకెవరికో చేశారు. తిరగడానికి షోరూమ్ కారు ఇస్తామన్నారు గానీ దానికి పడవ లాగే కొక్కెం లేదు. పదకొండయింది, ఒంటి గంటయింది. ఎండ నెత్తికెక్కింది. మార్లిస్ శాండ్‌విచ్ పట్టుకుని పడవ దగ్గరికి వెళ్లేసరికి ఓరిన్ టోపీ ముక్కు మీదికి లాక్కుని కూర్చున్నాడు. బకెట్లో చేపపిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి.

"ఇంకాసేపే అంటున్నాడు," అంది. ఆ మాట అంటుంటే సిగ్గేసింది.

"పరవాలేదు. ఇంతకంటే ఘోరంగా కూడా ఉండొచ్చు," అన్నాడు. వాన పడినా పిడుగు పడినా అక్కడివాళ్లు అనే మాటే అది.

"నువ్వు నన్ను తిట్టొచ్చు కదా ఓరిన్."

"తిడితే సాఫ్ట్‌వేర్ త్వరగా ఎక్కుతుందా?"

మూడు దాటాక బండి ఇచ్చారు. బిల్లు చూడకుండానే కార్డు గీసింది. చూస్తే ఏమంటుందోనని ఆవిడకే భయం వేసింది. చెరువు దగ్గర చచ్చిన చేపపిల్లలు పారేసి, కొత్తవి కొని, పడవ దింపారు. అప్పటికి గాలి లేచింది. నీళ్లంతా అలలు. పడమటి ఎండ వాటి మీద పడి, కళ్లు బాగున్న మార్లిసే చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఓరిన్ గాలం వేశాడు. తల కాస్త పక్కకు తిప్పి, చూపు అంచుల్లోంచి వెతుకుతున్నాడు.

బెండు మునిగింది. మార్లిస్ చూసింది. ఓరిన్ వేరే వైపు చూస్తున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు, ఆయనకే కనపడాలని. బెండు పైకి తేలింది. మరోసారి మునిగింది. గాలం దారం వదులైంది. ఎర తినేసి చేప పోయింది.

కాసేపటికి ఓరిన్ ఖాళీ కొక్కెం పైకి లాగి వేళ్లతో తడిమి చూసుకున్నాడు. "పడిందా?"

"రెండుసార్లు."

ఆయన గాలం కర్ర ఆవిడ చేతికిచ్చాడు. "నువ్వే చూసి చెప్పు ఇక," అన్నాడు.

సోమవారం పొద్దున మొదటి పార్సెల్ లిండ్‌క్విస్ట్ వాళ్ల ఇంటికి. వాకిట్లో ఇచ్చి వచ్చి ఇంజన్ స్టార్ట్ చేసింది.

టింగ్.

పానా బొమ్మ దీపం. సర్వీసింగ్ చేయించమంటోంది. మార్లిస్ దాని వంక చాలాసేపు చూసింది. తర్వాత ఇంజన్ ఆపి ఫోన్ తీసింది.

"అయ్యో, సారీ అండీ," అన్నాడు ట్రెవర్. "సాఫ్ట్‌వేర్ గొడవలో పడి దీపాన్ని రెండు రోజులకే ఆపి, పూర్తిగా ఆర్పడం మర్చిపోయినట్టున్నాం. డబ్బులేం వద్దు. వచ్చే శనివారం పట్టుకొచ్చేయండి, ఒక్క గంట..."

"రాను."

ట్రెవర్‌కు ఆ ఊళ్లో ఎవరూ అట్లా చెప్పి ఉండరు.

"అంటే... ఆ పై శనివారం..."

"ఆ పై శనివారమూ రాను. ఆ దీపం ఆర్పే మిషను పట్టుకుని రేపు పొద్దున నువ్వే పోస్టాఫీసు వెనక గేటు దగ్గరికి రా. నేను ఆరింటికి టపా సర్దుకుంటూ ఉంటా. మీ అమ్మకు ఏం చెప్పుకోవాలో నేను చెప్పుకుంటాలే."

"మిషను బయటికి తీసుకురాకూడదండీ, రూలు..."

"మొన్న పొద్దున్నుంచి మూడింటిదాకా మా ఆయన మీ సిమెంటు నేల మీద పడవలో కూర్చున్నాడు. చూశావు కదా, పడవ బాగుందన్నావు," అంది మార్లిస్. "శనివారాల్లో ఆయన నీళ్ల మీద ఉంటాడు. బెండు ఎక్కడుందో చెప్పడానికి పక్కన నేనుండాలి."

ఫోన్ పెట్టేసింది. ఇంజన్ స్టార్ట్ చేసింది. టింగ్ మంది. మోగనిచ్చి, తర్వాతి డబ్బా వైపు బండి పోనిచ్చింది.