తడిసి వచ్చిన తాడు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేసే మనిషిని నేను. చదివింది భూగర్భశాస్త్రం. ఇప్పటికీ దేన్నీ ఊరికే నమ్మను. కానీ ఆ మధ్యాహ్నం సంగతి మాత్రం నాకు నేనే సర్దిచెప్పుకోలేకపోతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక వరసగా కరువులు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నేనూ, నా క్లాస్‌మేట్ సుజాతా ఉరవకొండ వైపు పల్లెల్లో ఎండిన బావుల లోతు కొలవాలి. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒక్క కొలత టేపూ పాడైపోయింది. "తాడుకి రాయి కట్టుకోండి" అనేశారు గైడు గారు. బస్సు దిగితే మైళ్ల కొద్దీ ఎండలో నడక. ఏ ఊరికి పోయినా మాకంటే ముందు ఊరివాళ్లే అడిగేవాళ్లు, "ఏమ్మా, బోరు ఏపిస్తారా?" అని. కాదని చెప్పగానే వాళ్ల మొహాలు వాడిపోయేవి. నాకు ఏడుపొచ్చేది.

చివరికి సుజాత వాళ్ల ఊరికే వెళ్లాం. వాళ్ల నాయన అంతకుముందు ఏడాదే గుండెపోటుతో పోయారు. విత్తనానికి దాచిన వేరుశనక్కాయలు అమ్ముకుని, ఆ డబ్బుతో బెంగళూరుకు కూలికి పోదామని వాళ్లమ్మ మూట కట్టుకుని ఉంది.

వాళ్ల బావి అడుగున నెర్రెలిచ్చిన మట్టి కళ్లకు కనిపిస్తూనే ఉంది. రాయి వదిలితే ఎండు నేలకు ఠక్కున తగిలింది. తాడు పైకి లాగాను. కింది భాగం నా ఎత్తు మేర తడిసి ఉంది. పిండితే నీళ్లు కారాయి. పాచి వాసన. తొంగిచూస్తే అడుగున అదే పొడి మట్టి.

సుజాత వాళ్లమ్మ తాడు లాక్కుని కళ్లకద్దుకుంది. తడి ఆగినచోట వేలు పెట్టి, "మీ నాయన ఉన్నప్పుడు నీళ్లు ఈడిదాంకానే ఉండేటివి" అంది కూతురితో.

తాడు ఆరబెట్టి మళ్లీ మళ్లీ వేశాం. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఎంత చెప్పినా ఆమె వినలేదు. ఊట తిరిగొస్తుందని మూట విప్పేసింది. కూర్చుని కాయలన్నీ ఒలిచి, తర్వాత పడిన చిన్న వానకే విత్తేసింది. మొలకలు వచ్చాయి. మళ్లీ చినుకు పడలేదు.

మా రిపోర్టులో తడి తాడు గురించి రాసిన పేరా చదివి గైడు గారు కొట్టేయమన్నారు. కొట్టేశాం. మార్కులు బాగానే వచ్చాయి.

సుజాత వాళ్లమ్మ చివరికి బెంగళూరు బస్సెక్కింది. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే కదా పాపా తాడు లాగింది. తడి నిజమే కదా?"

"నిజమేమ్మా" అన్నాను.

ఆ తడి ఎక్కడిదో నాకు ఈనాటికీ తెలియదు. నాయనే పంపాడని సుజాత అంటుంది. అదే నిజమైతే, వాళ్లమ్మకు మిగిలిన ఆ కాసిని గింజలూ మట్టిపాలు చెయ్యడానికి ఎందుకు పంపాడో ఆయన్ని అడగాలని ఉంటుంది నాకు.