కుట్టు పీరియడ్‌లో చెప్పిన లెక్కలు

నన్ను సన్మానించిన ప్రతిసారీ మెడలో దండ పడగానే లోపల ఒక బరువు కదిలేది. అదేమిటో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. ప్రార్థనలో నా తప్పులన్నీ చెప్పుకున్నాను, దీన్ని మాత్రం ఎప్పుడూ దాటవేశాను. ఇది చదివే మీ మొహం నాకు కనిపించదు. అందుకే ఇవాళ మీ దగ్గర ధైర్యం చేస్తున్నాను.

ముందే ఒక మాట. లెక్కలు చెప్పినందుకు నాకు రవ్వంత విచారం లేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఛాతీ పొంగుతుంది.

అప్పట్లో సికింద్రాబాదులో ఒక మిషన్ బాలికల హైస్కూల్లో నేను కుట్టు టీచర్ని. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం, నాన్న రైల్వేలో గుమాస్తా. నేను ఇంటర్‌లో లెక్కలు చదివాను. ఉద్యోగానికి వెళితే కరెస్పాండెంటుగారు నా చదువు సంగతి వదిలేసి కుట్టు వచ్చా అని అడిగారు. బడి నడిపించే పెద్దమనిషి ఆయనే. వచ్చన్నాను. నిజానికి బొత్తాం ఊడితే అమ్మ చేతికిచ్చే రకం నేను. ఆ బడిలో పై తరగతుల ఆడపిల్లలకు బీజగణితం, రేఖాగణితం లేవు. వాటి బదులు కుట్టు. ఇంటి పద్దు రాసుకునేంత లెక్క వస్తే ఆడపిల్లకు చాలని ఆయన నమ్మకం.

పోలీసు చర్య అయిపోయి, కొన్ని వారాలు మూతపడ్డ బడి మళ్లీ తెరిచారు. ఊరంతా కొత్త మాటలే. కొత్త ఆఫీసులొస్తాయట, కొలువులొస్తాయట. పదో తరగతి పిల్లలు ఒకరోజు నన్ను చుట్టుముట్టారు. కాలేజీలో సైన్సు చదవాలంటే లెక్కలుండాలట, మాకెందుకు లేవు టీచర్ అని. నేనే వెళ్లి కరెస్పాండెంటుగారిని అడిగాను. ఆయన నవ్వారు. కోపగించుకున్నా బాగుండేది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది.

లెక్కల పేపరు ఎవరైనా సొంతంగా చదువుకుని రాయొచ్చని తెలుసుకున్నాను. ఆ వారమే కుట్టు గదిలో పలకలు దిగాయి. తొమ్మిది మంది అమ్మాయిలు ఒళ్లో పలక, దాని మీద బట్ట బిగించిన చట్రం పెట్టుకుని కూర్చునేవాళ్లు. బయట చెప్పుల చప్పుడైతే చట్రం పైకి, పలక కిందికి. మగవాళ్లెవరూ కుట్టు గదిలోకి తొంగిచూడరు కదా, ఆ మర్యాదే మాకు కోటగోడ అయింది. ఒక్కో లెక్క తెగినప్పుడు ఆ పిల్లల కళ్లు చూడాలి మీరు!

కానీ ఏడాది చివర కుట్టు ప్రదర్శన పెట్టాలి. ఏం పెట్టను, సమీకరణాలా?

బోయిగూడలో మా పక్క సందులోనే రాజమ్మ ఉండేది. భర్త స్టేషన్‌లో హమాలీ. ఆమె రవికలు కుట్టేది, పువ్వులూ పిట్టలూ అల్లేది. ఆమె చేతిలో సూది మాట వినేది. మోండా మార్కెట్‌లో దారాలు కొని, తెలిసినవాళ్లింట్లో పెళ్లికని అబద్ధం చెప్పి, తొమ్మిది బట్టలు ఆమె చేత కుట్టించాను. డబ్బు సరిగ్గానే ఇచ్చాను. అవి తీసుకున్నప్పుడు ఆమె మొహమాటంగా ఒకటి అడిగింది. తన కూతుర్ని సుత మా బడిలో షరీక్ చేసుకుంటారా, చేర్చుకుంటారా అని. తప్పకుండా అన్నాను. మా ప్రదర్శన రోజు తీసుకురమ్మని కూడా చెప్పానా? చెప్పాననే గుర్తు. అంత తెలివితక్కువ పని ఎలా చేశానో!

ఆమె వచ్చింది. కూతురి తల నున్నగా దువ్వి, చెయ్యి పట్టుకుని వచ్చింది. గోడకు తగిలించిన నెమలి ముందు ఆగిపోయింది. కింద మా విద్యార్థిని పేరుంది. ఆమెకు చదువు రాదు.

"చూడు బిడ్డా, గీ నెమలి నేను కుట్టిందే!"

కరెస్పాండెంటుగారు పక్కనే ఉన్నారు. "ఏమిటమ్మా అంటున్నావు? ఇవి మా పిల్లలు కుట్టినవి."

"అబద్ధమెందుకు చెప్త సారూ? గా టీచరమ్మనే అడుగుండ్రి."

ఆయన నా వైపు తిరిగారు. "ఈవిడ మీకు తెలుసా?"

"తెలియదండీ," అన్నాను. "ఈమెవరో నేనెరగను."

రాజమ్మ నన్ను చూసింది. "గట్లనా టీచరమ్మా?" అంది. ఎవరూ గెంటక ముందే కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "నడువ్ బిడ్డా, పోదాం."

ఆ వేసవిలో ఫలితాలొచ్చాయి. తొమ్మిది మందీ లెక్కల్లో పాస్! రాంగోపాల్‌పేట్ బజారులో అమ్మాయిలు పరుగులు పెట్టారు, ఒకతె నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. కరెస్పాండెంటుగారు తానే ముందుచూపుతో చేయించినట్టు మిఠాయి పంచారు. మరుసటి ఏడు లెక్కలు టైంటేబుల్లోకి ఎక్కాయి. చెప్పేది నేనే. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు డాక్టర్లయ్యారు, ఒకతె కాలేజీలో లెక్కలు చెప్పింది. చివరికి ఆ కరెస్పాండెంటుగారి కుర్చీలోనూ నేనే కూర్చున్నాను. గెలిచాం. ఆ మాట ఎవరి ముందైనా గట్టిగా అంటాను.

రాజమ్మ కోసం ఫలితాల తర్వాత వెళ్లాను. అప్పటిదాకా ఆ సందు తప్పించి చుట్టూ తిరిగి నడిచాను. వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ పిల్ల ఏ బడికి పోయిందో, అసలు పోయిందో లేదో నాకు తెలియదు.

పిల్లల కోసమే అబద్ధమాడానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఎంత కమ్మని మాట! కానీ అప్పటికి పాఠాలన్నీ అయిపోయాయి, పరీక్ష ఫీజులు కట్టేశాం. ఆ పేపరు రాయకుండా వాళ్లనెవరూ ఆపలేరు. పోయేదల్లా నా ఉద్యోగం ఒక్కటే. ఆ సంగతి నోరు తెరిచే ముందే నాకు తెలుసు. ఆడపిల్లల చదువు కోసం అంత పోట్లాడినదాన్ని, గుమ్మం దాకా వచ్చిన ఆడపిల్లను నా జీతం కోసం వెనక్కి పంపాను.

క్షమించమని అడగడానికి ఆమె లేదు. ఆమె బదులు క్షమించమని మిమ్మల్ని అడగను. ఇది రాస్తుంటే మాత్రం గుండె తేలికపడుతోంది, దాచను. ఆ రోజు నలుగురిలో నన్నడిగిన ప్రశ్నకు ఇప్పటికి జవాబు చెబుతున్నాను.

ఎరుగుదునండీ. బాగా ఎరుగుదును. ఈమె పేరు రాజమ్మ. ఆ నెమలి ఈమె కుట్టిందే.